మోటరున్న ఇళ్లు

ఎల్లప్ప గడపలో కూర్చుని, వాల్వు తిప్పే ఇనుప చావీకి పట్టిన మట్టిని మేకుతో గీకుతున్నాడు. మనిషి నడుము దాటి ఉండే చావీ అది. సస్పెండు చేసిన రోజే ఆఫీసులో అప్పగించాల్సింది. ఎవరూ అడగలేదు, అతనూ ఇవ్వలేదు. రోజూ దాన్ని భుజాన వేసుకుని శాలిబండ గల్లీలకు నీళ్లు వదిలే మనిషి, ఎండెక్కినా ఇంట్లోనే ఉన్నాడు.

గల్లీ మొగదల ట్యాంకరు ఆగింది. బిందెలు, బకెట్లు, పెయింటు డబ్బాలు పట్టుకుని ఆడవాళ్లు పరుగెత్తారు. అతని గడప ముందు నుంచే పరుగెత్తారు. ఒక్కరూ తల తిప్పలేదు. పోయిన వారం తన కూతురి పెండ్లిలో ఎల్లప్పకు టవలు కప్పిన వైకుంఠం కూడా రెండు బకెట్లు పట్టుకుని మొహం అటు తిప్పుకునే పోయాడు.

లోపల అతని కూతురు మహేశ్వరి మెమో జిరాక్సు మీద పెన్సిలుతో గుర్తులు పెడుతోంది.

"మెమో మీద ఏం రాస్తున్నవ్ బిడ్డా? సార్ కోపం చేస్తడు."

"జిరాక్సు బాపు. అసలుది సంచిల ఉన్నది."

"నిర్ణీత సమయం కాని వేళలో మీరు వాల్వు తెరిచారు," అని ఉంది మెమోలో. "అటు పిమ్మటనే సదరు గల్లీలో వాంతులు, విరేచనాలు మొదలై ఒక బాలిక మరణించింది. కావున మీ చర్యయే దీనికి కారణమని ప్రాథమికంగా నిర్ధారించడమైనది. గతంలోనూ మీరు ఆలస్యంగా విధులకు హాజరై హెచ్చరిక పొందియున్నారు." శుక్రవారంలోగా జవాబు ఇవ్వాలి. జవాబు సరిగా లేకపోతే నౌకరీ నుంచి తీసేస్తారు, పోలీసులకు రాస్తారు.

ఆదివారం మహేశ్వరికి లా కాలేజీల ఎంట్రెన్సు. ఇంటర్ అయ్యాక ఏడాదిగా మలక్‌పేట కోచింగు సెంటరుకు పోతోంది. అక్కడ ఆమె గట్టిగా నేర్చుకున్నది ఒకటే. పరీక్షలో ఒక పేరా ఇస్తారు. అందులో ఎవరో ఏదో వాదిస్తారు. ఆ వాదన ఎక్కడ విరిగిందో వేలు పెట్టి చూపాలి. ఆ పని ఆమెకు బాగా వచ్చు. పేరా సగం చదివేసరికి ఆమె పెన్సిలు తప్పున్న చోట ఆగిపోయేది.

ఇప్పుడూ ఆగింది. వాల్వు తిప్పిన తర్వాత జబ్బు వచ్చింది కాబట్టి వాల్వు వల్లే వచ్చింది. ఒక గుర్తు. ఈ మనిషి ఎప్పుడో ఆలస్యంగా వచ్చాడు కాబట్టి ఇదీ ఇతనే చేశాడు. ఇంకో గుర్తు. కోచింగులో ఇలాంటివి మొదటి నెలలోనే అయిపోతాయి. ఒక ఇంజినీరు సంతకం పెట్టి, ఇంతటి వాదనతో ఒక మనిషి నౌకరీ తీసేస్తాడా అని ఆమెకు నవ్వు రాబోయి ఆగింది.

"తప్పు లేదంటవా నాది?" అన్నాడు ఎల్లప్ప. మేకు ఆపలేదు.

"నీ తప్పు ఉన్నదో లేదో నేను అంటలేను బాపు. వాళ్లు చెప్పిన తీరుల తప్పున్నది అంటున్న."

"రెండు ఒకటి గాదా?"

"గాదు."

ఎల్లప్పకు అర్థం కాలేదు. చావీని తిప్పి రెండో వైపు గీకసాగాడు.

ఆ గల్లీలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరింట్లో పెండ్లయినా మైలపోలు స్నానాల రోజున లైన్‌మన్ నల్లా వదలాలి. అది నీళ్ల రోజు కాకపోయినా సరే. పెండ్లివాళ్లు అతనికి టవలు కప్పి, లడ్డూల పళ్లెం పంపుతారు. ఆఫీసులో ఎవరూ ఎక్కడా రాయరు. అందరికీ తెలుసు. ఆ రోజు నీళ్లు సన్నగా వస్తాయి. చేతి బిందెకు అందవు. మోటరు వేసి లాగితేనే వస్తాయి. అందరూ మోటర్లు వేస్తారు. మురుగు పారే మోరీ పక్కన పైపు జాయింటు పగిలి ఉంది. మోటర్లు లాగినప్పుడు ఆ పగులు మోరీ నీళ్లను లోపలికి పీలుస్తుంది. ఇవన్నీ ఎల్లప్పకు తెలుసు. తెలిసీ వైకుంఠం మాట కాదనలేక వాల్వు తిప్పాడు.

బాలమ్మ మనవరాలు పూజిత రెండో రోజుకు చచ్చిపోయింది. ఇంకా బడికి కూడా పోని పిల్ల.

మధ్యాహ్నం డానియేలు వచ్చాడు. ఎల్లప్పతో పనిచేసే లైన్‌మన్. ఇద్దరి పనీ ఇప్పుడు అతనే చేస్తున్నాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఉంది, కాళ్లకు బురద.

"క్యా ఎల్లన్నా, పెండ్లికొడుకు లెక్క ఇంట్ల కూసున్నవ్? నలుగు పెట్టిన్రా?"

ఎల్లప్ప నవ్వలేదు. డానియేలు చెప్పులు విప్పి నేల మీద కూర్చుని, మహేశ్వరి ఇచ్చిన చెంబెడు నీళ్లను ఒకసారి వెలుగుకు పట్టి చూసి తాగాడు.

"ఏం రాస్తున్నవమ్మా జవాబు?"

"మోరీ కాడ జాయింటు పలిగిన సంగతి రాస్త కాకా. బాపు వానల ముంగట్నే సార్‌కు చెప్పిండట."

"చెప్పిండు. నోటితోని చెప్పిండు. నోటికి ముద్ర ఉంటదా? నేను గూడ చెప్పిన. నన్ను సాక్ష్యం పిలుస్తవా? పిలిస్తె రేపు నేను గూడ మీ బాపు పక్కన్నే కూసుంట, ఇద్దరం కలిసి చావీలు తోముతం."

"మరి నిజం గదా అది."

"నిజమే. అది రాస్తె ఎవల మెడకు చుట్టుకుంటది? విశ్వేశ్వర్ సార్ మెడకు. మెమో మీద సంతకం పెట్టి ఎంక్వయిరీ చేసేది ఎవలు? విశ్వేశ్వర్ సారే." డానియేలు చెంబు పక్కన పెట్టాడు. "పోరి సచ్చింది బిడ్డా. ఎవల మీదనో ఒకల మీద పడాలె. గాలి మీద పడదు. మీ బాపు మీద పడొద్దు, సార్ మీద పడొద్దు. గట్ల రాయగలుగుతవా? రాయగలిగితె నువ్వు లాయరువే పో."

ఎల్లప్ప కూతురి వైపు చూశాడు. అతని వేళ్లు చావీ పిడి మీద, వాల్వు బిగుసుకున్నప్పుడు పట్టినట్టు, బిగిసి ఉన్నాయి.

*

మర్నాడు మహేశ్వరి కోచింగుకు పోలేదు. నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపుకుని గల్లీలోకి దిగింది. జబ్బు పడ్డ ఇళ్లకు మాత్రమే పోయింది.

మొదట మొగదలి ఇల్లు. ముసలాయన ఇంకా మంచంలోనే ఉన్నాడు. నల్లా పక్కన గోనెసంచి కప్పి ఉంది. సంచి కింద మోటరు. తర్వాత కుట్టుమిషను ఇల్లు. అక్కడ బాత్రూములో, తలుపు వెనక. ఆ తర్వాత ఇంట్లో పైకే కనబడుతోంది, దాని మీద ఉతికిన బట్టలు ఆరేసి ఉన్నాయి. ఎవరూ దాచాలని చూడలేదు. ఆమె ఎల్లప్ప బిడ్డ. నల్లా ఎల్లప్పది. ఆమె దగ్గర దాచేదేముంది?

బాలమ్మ ఇల్లు గల్లీ చివర. ముందు బర్రెల కొట్టం, వెనక రెండు గదులు. కొట్టంలో బాలమ్మ చీపురుతో నేల రుద్దుతోంది. ట్యాంకరు నీళ్లు బర్రెలకు చాలలేదు. పేడ ఎండిపోయి రాయిలా అంటుకుపోయింది. ఆమె దాన్ని మొదట గరిటెతో గీకి, తర్వాత చీపురు పెడుతోంది.

"రా బిడ్డా. ఆడ కూసోకు, మస్తు మురికున్నది. ఈడికి రా." ఆమె బోర్లించిన బకెట్టును కొంగుతో తుడిచి ఇచ్చింది. "మీ బాపు తింటున్నడా?"

"తింటున్నడు పెద్దమ్మా."

"ఫికర్ చెయ్యొద్దని చెప్పు. ఈ గల్లోళ్లు ఎవలెవలో ఏమేమో అంటున్నరు. నేను అనలే. నీళ్లిచ్చినోడు విషమిస్తడా? మీ బాపు ఎవలికి కీడు చేసిండు?"

మహేశ్వరి కాగితం మడత విప్పింది. "జవాబు రాయాలె పెద్దమ్మా. అందుకని అందరిండ్లు తిరుగుతున్న. నీ మోటరు ఏడున్నది?"

"అదేడుంటది, అగో." కొట్టం మూలన తొట్టి పక్కన పెద్ద మోటరు. మిగతా ఇళ్ల వాటికంటే పెద్దది. దానికి తొడిగిన పచ్చ పైపు చుట్ట చుట్టి గుంజకు వేలాడుతోంది. "చిన్న మోటరైతె బర్రెలకు సాలదు. మావోడు పోయినేడాది పెట్టిచ్చిండు. అందరికి ఉన్నది గదా. మీకు లేదా?"

"ఉన్నది."

బాలమ్మ చీపురు కింద పెట్టింది. పైపు వైపు చూస్తూ, అడగకుండానే చెప్పింది. "పోరికి ఈ పైపంటె పాణం. మోటరేసుడే ఆలిశ్యం, ఉరికొచ్చి నోట్ల పెట్టుకునేది. బట్టలన్నీ తడుపుకునేది. ఆ రోజు గూడ గట్లనే తాగింది. దెబ్బ ఏసిన నేను. తాగొద్దని కాదు, బట్టలు తడిసినయని ఏసిన." ఆమె ఏడవలేదు. చెంపకు అంటిన పేడను మోచేత్తో తుడుచుకుంది. "కోడలు తల్లిగారింటికి పోయింది. కొట్టం చూస్తె దానికి ఊపిరాడుతలేదట."

మహేశ్వరి రాసుకుంది. మోటరు. పెద్దది. పైపు నుంచి నేరుగా.

తిరిగి వచ్చేటప్పుడు వైకుంఠం ఇల్లు దాటింది. పెండ్లి పందిరి గుంజలు ఇంకా తీయలేదు. ఆ ఇంట్లో స్నానాల రోజు అందరికంటే ఎక్కువ నీళ్లు లాగారు. డ్రమ్ములు, అండాలు నింపారు. ఆ ఇంట్లో ఒక్కరికీ జబ్బు చెయ్యలేదు. దాని పక్కింట్లో చెయ్యలేదు. ఎదురింట్లో చెయ్యలేదు. తమ ఇంట్లో చెయ్యలేదు. ఆ ఇళ్లలో ఎక్కడా ఆమె ఆగలేదు. అడగనక్కర్లేదనుకుంది. అది నిజం కాదు. అడిగితే ఏం చెబుతారో ఆమెకు తెలుసు.

ఇంటికి వచ్చి రాయడం మొదలుపెట్టింది. చేతిరాత బాగుంటుంది ఆమెది. ముందు మెమోలోని వాదన విరగ్గొట్టింది. ఒకదాని తర్వాత ఇంకొకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదని రాసింది. పాత హెచ్చరికకూ ఈ సంఘటనకూ సంబంధం లేదని రాసింది. ఆ తర్వాత కొంచెంసేపు పెన్ను మూత పెట్టి, తీసి, పెట్టింది. అప్పుడు రాసింది:

"జబ్బు పడిన కుటుంబాలన్నింటినీ విచారించగా, ప్రతి ఇంటిలోనూ నల్లాకు అక్రమంగా మోటరు బిగించియున్నట్లు తెలిసినది. మోటరు పీల్చుట వలననే కాలుష్యము లోనికి చేరినది. మరణించిన బాలిక ఇంటిలో అన్నింటికంటే పెద్ద మోటరు ఉన్నది. బాలిక దాని పైపు నుండి నేరుగా నీరు తాగియున్నది."

ప్రతి మాటా నిజమే. ఆమె చదివి వినిపించింది. ఎల్లప్ప కళ్లు మూసుకుని విన్నాడు.

"బాలమ్మ పేరు రాసినవా?"

"పేరు రాయలె బాపు."

"రాయకున్నా ఎరుకైతది."

ఆమె కాగితాన్ని మడిచింది. ఎల్లప్ప లేచి మొహం కడుక్కుని వచ్చాడు. చింపెయ్యమని అనలేదు. సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాడు.

*

సెక్షన్ ఆఫీసులో విశ్వేశ్వర్ సార్ ఫోనులో ఉన్నాడు. తండ్రీ కూతురూ తలుపు దగ్గర నిలబడ్డారు. ఎల్లప్ప చావీ వెంట తెచ్చాడు. అప్పగించమంటే అప్పగించాలని. దాన్ని ఎక్కడ ఆనించాలో తెలియక చేత్తోనే పట్టుకుని ఉన్నాడు.

"ఆప్ ఫికర్ మత్ కరో సాబ్, రిపోర్ట్ ఆజ్ భేజ్‌తా హూఁ," అని ఇవాళే రిపోర్టు పంపుతానని పైవాళ్లకు మాటిచ్చి ఫోను పెట్టేసి, విశ్వేశ్వర్ చెయ్యి చాచాడు. పైనుంచి అతనికీ వత్తిడి ఉందని మొహం చెబుతోంది. కళ్ల కింద నల్లగా ఉంది, గడ్డం గీసుకోలేదు.

మొదటి పేజీ విసుగ్గా చదివాడు. ఒకచోట నుదురు ముడుచుకుంది. "ఏందయ్యా ఎల్లప్పా, నా మెమోల తప్పులు తీస్తున్నవా?"

"లేదు సార్..."

రెండో పేజీ తిప్పాడు. అక్కడ నెమ్మదించాడు. మోటర్ల పేరా దగ్గర వేలు పెట్టి చదివాడు. మళ్లీ పైకి పోయి చదివాడు. పేజీ తిప్పి, ఇంకేమైనా ఉందా అని వెనక్కి చూశాడు. మోరీ సంగతి, జాయింటు సంగతి ఎక్కడా లేదు. అతని భుజాలు కిందికి దిగాయి.

"ఇది ఎవరు రాసిన్రు?"

"నా బిడ్డ సార్. లా ఎంట్రెన్సు రాస్తది."

"కూసోమ్మా, కూసో." అటెండరును పిలిచి చాయ్ చెప్పాడు. "మస్తు లాజిక్కుగ రాసినవ్. మా ఆఫీసుల ఒక్కనికి రాదు గిట్ల రాయనీకె. జబ్బు పడ్డ ఇండ్లన్నీ నువ్వే చూసినవా?"

"చూసిన సార్."

"అన్నిట్ల మోటర్లున్నయి?"

"ఉన్నయి సార్."

తర్వాతి ప్రశ్న ఏమిటో మహేశ్వరికి తెలుసు. జబ్బు పడని ఇళ్లలో? ఆ ప్రశ్న వస్తుందని ఆమె కుర్చీలో బిగుసుకుని కూర్చుంది. వస్తే ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చింది. ఒక్కోసారి అబద్ధం చెబుదామనుకుంది, ఒక్కోసారి నిజం చెబుదామనుకుంది. ఏదీ తేల్చుకోలేదు.

విశ్వేశ్వర్ అడగలేదు. కాగితాలను గుండుసూదితో కలిపి గుచ్చాడు.

"క్లియర్. మోటరు పెట్టుడు నేరం. చిన్నపిల్లకు పైపుతోని తాపుడు నిర్లక్ష్యం. దీనికి డిపార్టుమెంటు ఏం చేస్తది?" ఎల్లప్ప వైపు తిరిగాడు. "టైము కాని టైముల వాల్వు తిప్పినందుకు నీకు వార్నింగు ఇచ్చి వదుల్తున్న. మల్ల పెండ్లి గిండ్లి అన్నవంటె చూడు. రేపటి సంది డ్యూటీకి రా."

ఎల్లప్ప రెండు చేతులూ జోడించబోయాడు. చేతిలో చావీ ఉంది. ఒక చేత్తోనే దండం పెట్టాడు.

చాయ్ వచ్చింది. మహేశ్వరి తాగింది. వేడిగా, తియ్యగా ఉంది.

*

"ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీ ఉన్నదనుకోండ్రి." మలక్‌పేట కోచింగు సెంటరులో మహేందర్ సార్ బోర్డు మీద లారీ బొమ్మ గీశాడు. లారీ ఎద్దులా వచ్చింది. క్లాసు నవ్వింది. "నవ్వకుండ్రి, డ్రాయింగుల నేను ఫెయిలు. వినుండ్రి. యాక్సిడెంట్లు చేసిన డ్రైవర్లనందరినీ మేనేజరు పిలిచిండు. పొద్దున ఏం తాగిన్రని అడిగిండు. అందరూ ఇరానీ చాయ్ అన్నరు. మేనేజరు ఏం చేసిండు? చాయ్ బందు పెట్టిండు. లోపం ఏంది?"

వెనక నుంచి ఎవరో, "చాయ్ బందు పెట్టుడే లోపం సార్," అన్నారు. మళ్లీ నవ్వులు.

మహేశ్వరి చెయ్యి దానంతటదే లేచింది. మాట కూడా దానంతటదే వచ్చింది. "యాక్సిడెంటు చెయ్యనోళ్లను అడగలేదు సార్. వాళ్లు గూడ చాయ్ తాగిన్రేమో."

"శభాష్!" మహేందర్ సార్ సుద్దముక్కను ఆమె వైపు చూపించాడు. "గంతే. కీడు జరిగిన కాడ వెతికితె, నువ్వు ఏది వెతికితె అదే దొరుకుతది. జరగని కాడ గూడ చూడాలె. రాసుకోండ్రి."

అందరూ రాసుకున్నారు. పక్కనున్న అమ్మాయి మోచేత్తో పొడిచింది. "నీకు సీటు పక్కా తియ్." మహేశ్వరి పెన్ను పట్టుకుని కూర్చుంది. తనకు ఇది తెలియక కాదు. తెలిసే ఆ ఇళ్ల ముందు ఆగలేదు. బోర్డు మీది ఎద్దు లాంటి లారీని సార్ తుడిచి, తర్వాతి ప్రశ్న మొదలుపెట్టాడు. ఆమెకు ఆ తర్వాత ఒక్క మాటా వినబడలేదు.

షేరింగు ఆటో శాలిబండలో దింపేసరికి గల్లీలో జనం ఉన్నారు. మోరీ పక్కన ఇద్దరు కాంట్రాక్టు కూలీలు గుంత తవ్వి, పగిలిన జాయింటుకు కొత్త తొడుగు వేసి బోల్టులు బిగిస్తున్నారు. వానల ముందు చెప్పిన పని. ఎవరూ అడగకుండా, ఏ కాగితమూ లేకుండా ఇవాళ అవుతోంది. సాయంత్రానికి మట్టి కప్పేస్తారు. అక్కడ పగులు ఉండేదని చెప్పడానికి ఇక ఏమీ మిగలదు.

జనం మాత్రం అటు చూడటం లేదు. గల్లీ చివర, బాలమ్మ ఇంటి ముందు చేరారు.

ఎల్లప్ప మోకాళ్ల మీద ఉన్నాడు. బాలమ్మ ఇంటి కనెక్షను గుంతలో చెయ్యి పెట్టి పైపు పట్టుకున్నాడు. డానియేలు పానా తిప్పుతున్నాడు. తుప్పు పట్టిన మర కదల్లేదు. ఎల్లప్ప లేచి, తన చావీని పానాకు తొడిగి బలం పెట్టాడు. మర కీచుమంది. నీళ్లు కొద్దిగా చిమ్మి ఆగాయి. అతను జేబులోంచి ఇనుప బిరడా తీసి, దానికి నార చుట్టి, పైపు మూతికి పెట్టి తిప్పాడు. నార సరిగా చుట్టుకోలేదు. విప్పి మళ్లీ చుట్టాడు. అతను పనిని ఎప్పుడూ వంకరగా చేసినవాడు కాదు. ఇది కూడా సాఫుగానే చేశాడు.

పచ్చ పైపుతో సహా మోటరును ఆఫీసు ట్రాలీలో వేశారు. గల్లీలో అన్ని తలుపులూ మూసి ఉన్నాయి. లోపల గోనెసంచుల కింద, మంచాల కింద మోటర్లు ఉన్నాయి. ఎవరి తలుపూ ఎవరూ తట్టలేదు. సార్ ఇచ్చిన ఆర్డరులో ఒక్క ఇల్లే ఉంది.

బాలమ్మ కొట్టం గుంజను పట్టుకుని నిలబడింది. "ఎల్లన్నా, బర్రెలకు ఏం తాపాలె?"

ఎల్లప్ప బిరడాను చివరి చుట్టు బిగించాడు. "ఆర్డరొచ్చింది బాలమ్మా. నేనేం జేస్త?"

"నిన్ను అంటలే. నువ్వేం జేస్తవ్?" అంది బాలమ్మ. "తాపనీకె నీళ్లేడ తేవాలని అడుగుతున్న, గంతే."

వైకుంఠం ముందుకు వచ్చి ఎల్లప్ప చెయ్యి పట్టి లేపాడు. "రా అన్నా, చాయ్ తాగుదువు. మస్తు రోజులాయె మనిషి దిగులు పడవట్టి." పక్కవాళ్లూ పలకరించారు. ఎట్లున్నవని అడిగారు. ట్యాంకరు దగ్గర తల తిప్పుకున్నవాళ్లే అందరూ.

మహేశ్వరి జనం వెనక నుంచి ఇంట్లోకి పోయింది.

*

శనివారం మధ్యాహ్నం బాలమ్మ వచ్చింది. ఆమె చేతిలో కవరు ఉంది. చింపలేదు.

ఎల్లప్ప డ్యూటీకి తయారవుతున్నాడు. ఆ రోజు గల్లీకి నీళ్ల రోజు. జాయింటు బాగయ్యాక మొదటిసారి వదులుతున్నారు. ఆమెను చూసి అతను అంగీ గుండీ పెట్టుకోవడం ఆపాడు.

"నువ్వు పో ఎల్లన్నా, నీ పని చూసుకో. నేను పిల్ల కోసం వచ్చిన." బాలమ్మ గడప లోపల గోడకు ఆనుకుని కూర్చుంది. "ఆఫీసోడెవడో కాయిదం ఇచ్చిపోయిండు. చదువు బిడ్డా."

మహేశ్వరి కవరు చింపి చదివింది. చదవక తప్పలేదు. నల్లాకు అక్రమంగా మోటరు బిగించినందున కనెక్షను శాశ్వతంగా తొలగించడమైనది. బాలికను మోటరు పైపు నుండి నేరుగా నీరు తాగనిచ్చిన నిర్లక్ష్యమే ఆమె మరణానికి కారణము. మీపై పోలీసు కేసు ఎందుకు పెట్టరాదో తెలుపవలెను.

బాలమ్మకు మొదట అర్థం కాలేదు. మళ్లీ చదవమంది. రెండోసారి విన్నాక, "అంటె పోరిని నేనే సంపిన్నంటున్నరా?" అంది.

ఎల్లప్ప గుండీ వదిలేసి చావీ అందుకున్నాడు.

"పైపుతోని తాగుతదని వాళ్లకెట్ల ఎరుక?"

మహేశ్వరి చేతిలో కాగితం అట్లాగే ఉంది. ఎల్లప్ప తలుపు దగ్గర చావీ భుజానికెత్తుకుని, పోకుండా నిలబడ్డాడు.

"దవాఖానల డాక్టరమ్మకు చెప్పిన," అంది బాలమ్మ, తనలో తనే. "ఆమెనే రాసిచ్చి ఉంటది. నా నోరు గిట్లాంటిది. అడిగినోళ్లకు, అడగనోళ్లకు అందరికి చెప్తి." కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు జవాబు రాయి బిడ్డా. మీ బాపుకు నువ్వే రాసినవట, నౌకరి నిలవెట్టినవట. గల్లంతా చెప్పుకుంటున్నరు. నాకు గూడ గట్ల రాయి."

మహేశ్వరి నోటుబుక్కు తీసుకుంది. పెన్ను మూత తీసింది.

రాయాల్సింది ఒక్క మాటే. ఈ గల్లీలో అన్ని ఇళ్లకూ మోటర్లు ఉన్నాయి, జబ్బు కొన్ని ఇళ్లకే వచ్చింది, కాబట్టి మోటరొక్కదాన్నే కారణమనలేరు. ఈ మాట రాస్తే నోటీసు నిలబడదు. నోటీసు నిలబడకపోతే విశ్వేశ్వర్ సార్‌కు ఇంకో కారణం కావాలి. జాయింటు మట్టి కింద ఉంది. మిగిలేది వాల్వు. వాల్వు తిప్పిన చెయ్యి తలుపు దగ్గర ఉంది.

ఆమె తండ్రి వైపు చూసింది. రాయమని గానీ, వద్దని గానీ అతని మొహంలో ఏమైనా ఉంటుందేమోనని చూసింది. ఎల్లప్ప కూతుర్ని చూడటం లేదు. నేలను చూస్తున్నాడు. "నీళ్ల టైమైతుంది," అన్నాడు. పోలేదు.

మహేశ్వరి తల వంచి రాసింది.

"అయ్యా, మేము చదువు లేనివాళ్లము. తెలియక మోటరు పెట్టుకున్నాము. మా తప్పు క్షమించగలరు. ముసలిదానను, బర్రెల మీద బతికేదానను. దయ ఉంచి కేసు పెట్టవద్దని, నల్లా తిరిగి ఇప్పించగలరని తమ పాదములు పట్టి వేడుకొనుచున్నాను."

అదే గుండ్రటి చేతిరాత. ఒక్క కొట్టివేత లేదు. అందులో వాదన అంటూ ఏదీ లేదు. ఎవరూ ఎక్కడా వేలు పెట్టి విరగ్గొట్టనక్కర్లేదు. బాలమ్మ చెయ్యని నేరాన్ని బాలమ్మ తరఫున ఒప్పుకున్న కాగితం అది.

"అయిందా? అంతా రాసినవా?"

"రాసిన పెద్దమ్మా."

"మోటరు అందరికి ఉన్నదని రాసినవా? నా ఒక్కదానికే కాదని?"

"రాసిన."

బాలమ్మ కాగితం తీసుకుని అక్షరాలను చూసింది. తలకిందులుగా పట్టుకుంది. "మంచిగున్నది," అంది. ఎల్లప్ప చావీని గోడకు ఆనించి, గూట్లోంచి సిరా దిండు తెచ్చాడు. అతనే ఆమె బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది, కాగితం మీద నొక్కాడు. ముద్ర స్పష్టంగా పడేదాకా నొక్కి ఉంచాడు.

"రేపు పరీచ్చ గదా నీకు," అంది బాలమ్మ లేస్తూ. సిరా అంటని చేత్తో మహేశ్వరి తల నిమిరింది. "నిమ్మలంగ రాయి. నువ్వు వకీలైతె మాలాంటోళ్లకు ఓ దిక్కుంటది." ఖాళీ బకెట్టు ఒకటి గడప బయట పెట్టి వచ్చినట్టుంది. దాన్ని తీసుకుని, నీళ్లు ఎవరిస్తారో అడగడానికి పక్కింటి వైపు పోయింది.

ఎల్లప్ప చావీ భుజాన వేసుకుని వాల్వు వైపు నడిచాడు.

కొంచెంసేపటికి నల్లాలో గాలి బుసకొట్టింది. తర్వాత నీళ్లు. మొదట వైకుంఠం ఇంట్లో మోటరు మొదలైంది, తర్వాత ఎదురింట్లో, తర్వాత కుట్టుమిషను ఇంట్లో, చివరికి గల్లీ అంతా. తమ నల్లాలో ధార అప్పుడే సన్నబడుతోంది. మహేశ్వరి లేచి మోటరు స్విచ్చి వేసి, డ్రమ్ములో పడే ధార కింద చెయ్యి పెట్టి నీళ్లు తేటగా ఉన్నాయో లేదో చూసుకుంది.